121 ఓటములు: షికాగో వైట్ సాక్స్‌కు ఎక్కడ చెడింది?

2024 సెప్టెంబరు 27 రాత్రి డెట్రాయిట్‌లో జరిగిన ఒక్క ఆటతో రెండు జట్ల కథ తేలిపోయింది. 4-1తో గెలిచిన డెట్రాయిట్ టైగర్స్ పదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌కు చేరింది. ఓడిన షికాగో వైట్ సాక్స్‌కు అది ఆ సీజన్‌లో 121వ ఓటమి. 1901 నుంచి లెక్కించే ఆధునిక యుగంలో ఏ మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టూ ఒక సీజన్‌లో ఇన్ని ఆటలు ఓడలేదు. 1962లో 120 ఓడిన న్యూయార్క్ మెట్స్ పేరున ఉన్న రికార్డు అలా 62 ఏళ్లకు షికాగో చేతికొచ్చింది.

ఆ తర్వాత మిగిలిన రెండు ఆటలూ వైట్ సాక్స్ గెలిచింది. చివరి లెక్క 41 గెలుపులు, 121 ఓటములు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 2003లో ఇదే డెట్రాయిట్ జట్టు మెట్స్ రికార్డు అంచుదాకా వెళ్లి, చివరి ఆరు ఆటల్లో ఐదు గెలిచి 119 దగ్గర ఆగిపోయింది. వైట్ సాక్స్ కూడా చివరి ఆరింటిలో ఐదు గెలిచింది. కాకపోతే అప్పటికే వాళ్ల ఖాతాలో 120 ఓటములు చేరిపోయాయి.

ఇంతకీ ఈ 121 ఎంత పెద్ద సంఖ్య? క్రికెట్‌కు అలవాటుపడినవాళ్లకు ఇది వెంటనే అందదు. ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో ఆడేవి 14 మ్యాచ్‌లు. 2008లో దక్కన్ చార్జర్స్ అందులో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది, మరుసటి ఏడాది కప్పు ఎత్తింది. అంత చిన్న సీజన్‌లో నాలుగు టాస్‌లు, రెండు చివరి ఓవర్లు అటూ ఇటూ అయితే పట్టికే తారుమారవుతుంది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆరు నెలల్లో 162 ఆటలు. అదృష్టం ఒక వారం పట్టుకుంటే మరో వారం వదిలేస్తుంది, సెప్టెంబరు వచ్చేసరికి రెండూ సమానమవుతాయి. ఎంత గొప్ప జట్టైనా మూడో వంతు ఆటలు ఓడుతుందని, ఎంత నాసిరకం జట్టైనా మూడో వంతు గెలుస్తుందని ఆ ఆటలో పాత మాట ఉంది. 2024లో అందరికంటే ఎక్కువ గెలిచిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ కూడా 64 ఓడింది. 162లో మూడో వంతు అంటే 54. వైట్ సాక్స్ దానికి 13 తక్కువ గెలిచింది.

అలాగని చరిత్రలో అన్నిటికంటే చెత్త జట్టు ఇదేనని తీర్పు చెప్పేయడం తొందరపాటే. గెలుపు శాతం చూస్తే 1916 నాటి ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ (36-117), 1935 నాటి బోస్టన్ బ్రేవ్స్ (38-115) ఇంకా కింద ఉన్నాయి. మెట్స్ ఆడినవాటిలో ఫలితం తేలినవి 160 ఆటలే, గెలిచింది 40. శాతంలో అదీ వైట్ సాక్స్ కంటే ఒక పిసరు తక్కువే. 19వ శతాబ్దంలోకి వెళితే 1899లో 20-134తో ముగించిన క్లీవ్‌లాండ్ స్పైడర్స్ దరిదాపులకు ఎవరూ రారు. అయితే ఇవన్నీ రికార్డు పుస్తకాల తగాదాలు. మూడేళ్ల కిందటే 93 ఆటలు గెలిచి డివిజన్ టైటిల్ కొట్టిన జట్టు ఇక్కడికి ఎలా జారింది అన్నది అంతకంటే పనికొచ్చే ప్రశ్న. మెట్స్ 1962లో కొత్తగా పుట్టిన జట్టు. మిగతా జట్లు వద్దనుకున్నవాళ్లను ఏరుకుని తొలి సీజన్ ఆడింది. వైట్ సాక్స్‌కు ఆ సాకు లేదు.

దీన్ని అర్థం చేసుకోవాలంటే బేస్‌బాల్ గణాంకవేత్తలు వాడే ‘రీప్లేస్‌మెంట్ లెవెల్’ అనే కొలత బాగా పనికొస్తుంది. ప్రతి జట్టులో 26 మంది ఆటగాళ్లుంటారు. వాళ్ల కింద మైనర్ లీగ్ జట్లలో వందకు పైగా కుర్రాళ్లుంటారు. ఎవరికైనా దెబ్బ తగిలితే జట్టు ఒక్క ఫోన్ కాల్‌తో కింది నుంచి మరొకణ్ని తెచ్చుకుంటుంది, లేదా వేరే జట్టు వదిలేసినవాణ్ని కనీస జీతానికి పెట్టుకుంటుంది. 2024లో ఆ కనీస జీతం 7 లక్షల 40 వేల డాలర్లు. ఎవరికైనా ఎప్పుడైనా దొరికే ఇలాంటి ఆటగాడి స్థాయే రీప్లేస్‌మెంట్ లెవెల్. జట్టు మొత్తాన్నీ ఇలాంటివాళ్లతోనే నింపితే 162 ఆటల్లో సుమారు 48 గెలుస్తుందని గణాంకాల వెబ్‌సైట్లు లెక్కకట్టి పెట్టుకున్నాయి. అంటే పెద్దగా ఖర్చు పెట్టకుండా, ఎవరినీ తీర్చిదిద్దకుండా ఊరికే వచ్చే గెలుపులు 48.

వైట్ సాక్స్ ఆ సీజన్‌లో 507 పరుగులు చేసి 813 ఇచ్చుకుంది. చేసిన పరుగులు, ఇచ్చిన పరుగుల నిష్పత్తి నుంచి ఒక జట్టు ఎన్ని గెలవాల్సిందో అంచనా వేసే సూత్రం ఒకటుంది. దాని ప్రకారం ఈ జట్టుకు రావాల్సిన గెలుపులు 48. పైన చెప్పిన ఊరికే వచ్చే 48, ఈ 48 ఒకటి కావడం చూస్తే జట్టు స్థాయి ఏమిటో అర్థమవుతుంది. 48కి, 41కి మధ్య ఉన్న ఏడు ఆటలను దురదృష్టం ఖాతాలో కొంత, బుల్‌పెన్ (ఆట మధ్యలో దిగి బంతి వేసేవాళ్ల దళం) ఖాతాలో ఎక్కువ రాయాలి. ఆధిక్యంలో ఉన్న ఆటలను చివరి ఇన్నింగ్స్‌లో పోగొట్టుకోవడం ఆ ఏడాది షికాగోలో మామూలు విషయమైపోయింది.

సగటు దాచేది కూడా ఒకటుంది. జట్టులో అందరూ అదే స్థాయిలో లేరు. 2024కు ముందు మేజర్ లీగ్స్‌లో ఒక్క ఆట కూడా మొదటి నుంచి వేయని పిచ్చర్ (బంతి వేసేవాడు) గారెట్ క్రోషే, ఆ ఏడాది స్టార్టర్‌గా మారి 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైకౌట్ (బంతిని కొట్టనివ్వకుండానే ఔట్) చేసి ఆల్‌స్టార్ అయ్యాడు. అంత బాగా వేసినా అతని ఖాతాలో పడింది 6 గెలుపులు, 12 ఓటములు. కొరియా లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు తెచ్చుకుని తిరిగొచ్చిన ఎరిక్ ఫెడ్డీ కూడా జులై చివరిదాకా నికరంగా బాగా వేశాడు. వీళ్లిద్దరినీ పక్కన పెట్టి చూస్తే మిగతా జట్టు రీప్లేస్‌మెంట్ లెవెల్ కంటే చాలా దిగువన ఉందన్నమాట. బయట ఊరికే దొరికేవాళ్ల కంటే తక్కువ ఆడేవాళ్లను వెతికి మరీ ఆడించిందని ఎవరైనా అంటే వైట్ సాక్స్ దగ్గర జవాబు లేదు.

అసలు చిల్లు బ్యాటింగ్‌లో ఉంది. 162 ఆటల్లో 507 పరుగులంటే ఆటకు మూడు పైచిలుకు. ఆ ఏడాది లీగ్ సగటు సుమారు 4.4. పరుగుల్లో కింది నుంచి రెండో స్థానంలో ఉన్న టాంపా బే రేస్ కూడా 600 దాటింది, అంటే వైట్ సాక్స్‌కూ దాని పైజట్టుకూ మధ్యే దాదాపు వంద పరుగుల తేడా. పిచింగ్ కూడా గొప్పగా లేదు గానీ ఆ విషయంలో వీళ్లే చివర కాదు. కొలరాడో రాకీస్ ఇంతకంటే చాలా ఎక్కువ పరుగులు ఇచ్చుకుని కూడా 61 ఆటలు గెలిచింది.

బ్యాటర్ ఔటవకుండా బేస్ (పరుగు కోసం చుట్టి రావాల్సిన మజిలీ) చేరడమే బేస్‌బాల్ బ్యాటింగ్‌కు మూలధనం. లీగ్‌లో సగటు బ్యాటర్ వెయ్యిసార్లు క్రీజులోకి వస్తే 312 సార్లు బేస్ చేరాడు, వైట్ సాక్స్ బ్యాటర్ 278 సార్లు. 34 సార్ల తేడా చిన్నదిగానే కనబడుతుంది. కానీ బేస్‌బాల్‌లో పరుగు గొలుసుకట్టుగా వస్తుంది. ఒకడు బేస్ మీద ఉంటేనే తర్వాతివాడి హిట్‌కు విలువ, ఆ హిట్ పడితేనే మూడోవాడి ఫ్లై బాల్‌కు విలువ. ప్రతి కొక్కెం కాస్త సన్నబడితే గొలుసు మొత్తం తెగిపోతుంది. అందుకే సిక్సర్ లాంటి హోమ్ రన్లు కొట్టినా చాలాసార్లు ముందు బేస్ మీద ఎవరూ లేక అవి ఒక్క పరుగుతో సరిపెట్టుకున్నాయి. అనుభవం ఉందని, కుర్ర పిచ్చర్లను నడిపిస్తాడని తెచ్చుకున్న క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) మార్టిన్ మాల్డొనాడో 48 ఆటలాడి .119 సగటు దగ్గర ఆగాడు. జులైలో అతన్ని వదిలేశారు. పదిసార్లు ప్రయత్నిస్తే ఒక హిట్ పైచిలుకు అన్నమాట, పిచ్చర్లు కూడా బ్యాటింగ్ చేసిన రోజుల్లో కొందరు పిచ్చర్లకు ఇంతకంటే మెరుగైన సగటు ఉండేది.

ఈ బ్యాటింగ్ ఒక్క రోజులో ఇలా తయారు కాలేదు. దీని మూలం 2016 డిసెంబరులో ఉంది. ఆ ఏడాదే ఊరి ఉత్తరాన ఉన్న షికాగో కబ్స్ 108 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచింది. కొన్నేళ్లు కావాలని ఓడి, స్టార్లను అమ్మేసి, డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు వరసగా ఎంచుకునే పద్ధతి) మంచివాళ్లను పోగేసి, వాళ్లు ఎదిగాక కప్పు కొట్టడం అన్నది కబ్స్ దారి. మరుసటి ఏడాది హ్యూస్టన్ ఆస్ట్రోస్ కూడా వరసగా మూడేళ్లు వందకు పైగా ఓడిన దారిలోనే వెళ్లి కప్పు గెలిచింది. దక్షిణాన ఉన్న వైట్ సాక్స్ అదే పుస్తకం పట్టుకుంది. ఏస్ పిచ్చర్ క్రిస్ సేల్‌ను బోస్టన్‌కు ఇచ్చి యోవాన్ మొంకాడా, మైకేల్ కోపెక్‌లను తెచ్చుకుంది. ఆడమ్ ఈటన్‌ను వాషింగ్టన్‌కు ఇచ్చి లూకస్ జియోలీటోను, హోసే కింటానాను కబ్స్‌కే ఇచ్చి ఎలోయ్ హిమెనెస్, డిలన్ సీస్‌లను రాబట్టింది. క్యూబా నుంచి లూయిస్ రాబర్ట్‌ను సంతకం చేయించుకుంది.

కాగితం మీద ఇవి మంచి బేరాలే, ఈ మాట ఇప్పుడు కూడా ఒప్పుకోవాలి. 2018లో అనుకున్నట్టే వంద ఓడింది, 2019లో టిమ్ ఆండర్సన్ .335తో బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు, 2020లో హోసే అబ్రెయూ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు, 2021లో డివిజన్ దక్కింది. హిమెనెస్, రాబర్ట్, మొంకాడా, ఆండర్సన్‌లను చవక ధరలకే దీర్ఘకాలిక ఒప్పందాల్లో కట్టేసుకున్నందుకు యాజమాన్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. పదేళ్ల సామ్రాజ్యం అన్నవాళ్లూ ఉన్నారు. ఆ సామ్రాజ్యం ఆడిన ప్లేఆఫ్ సిరీస్‌లు రెండే. 2020లో ఓక్లాండ్ చేతిలో, 2021లో హ్యూస్టన్ చేతిలో ఓడి ఇంటికొచ్చింది.

ఇక్కడే అసలు లోపం బయటపడింది. వైట్ సాక్స్ ఏడెనిమిది మంది స్టార్లను తయారు చేసుకుంది గానీ, పన్నెండో వాడి నుంచి ఇరవయ్యారో వాడి దాకా ఉండాల్సిన మధ్యశ్రేణిని తయారు చేసుకోలేదు. స్టార్లేమో గాజుబొమ్మలయ్యారు. హిమెనెస్‌కు 2021లో ఛాతీ కండరం, 2022లో తొడ వెనక కండరం చిరిగాయి. రాబర్ట్‌కు తుంటి, మొంకాడాకు నడుము. ఒక స్టార్ పడ్డప్పుడల్లా వచ్చినవాడు రీప్లేస్‌మెంట్ స్థాయివాడు, ఒక్కోసారి అంతకంటే తక్కువవాడు. కింద మైనర్ లీగ్ వ్యవస్థలో పైకి పంపడానికి ఎవరూ మిగల్లేదు, ఎందుకంటే మంచివాళ్లంతా ఒకేసారి పైకి వచ్చేశారు, వాళ్ల వెనక రావాల్సిన వరస రాలేదు. ఉన్న ఒకరిద్దరిని కూడా 2021 జులైలో క్రెయిగ్ కింబ్రెల్ కోసం కబ్స్‌కు ఇచ్చేసింది. కింబ్రెల్ వచ్చాక అక్కరకు రాలేదు. ఆ మాటకొస్తే 2016లో జేమ్స్ షీల్డ్స్ అనే వయసు మళ్లిన పిచ్చర్ కోసం శాన్ డియాగోకు ఇచ్చేసిన 17 ఏళ్ల కుర్రాడి పేరు ఫెర్నాండో టాటిస్ జూనియర్.

డబ్బుతో ఈ ఖాళీని పూడ్చే దారి ఒకటుంది. పూర్తిస్థాయి ఆటగాళ్లను మార్కెట్లో కొనుక్కోవడం. వైట్ సాక్స్ అక్కడ కూడా సగం దూరమే వెళ్లింది. ఆ జట్టు చరిత్రలో అతిపెద్ద ఒప్పందం 2022 డిసెంబరులో ఆండ్రూ బెనింటెండితో కుదిరినది, ఐదేళ్లకు 7.5 కోట్ల డాలర్లు. సరిగ్గా ఏడాదికి డాడ్జర్స్ ఒహ్తాని ఒక్కడికే 70 కోట్ల డాలర్లు ఇచ్చింది. అమెరికాలో మూడో అతిపెద్ద నగరంలో ఉన్న జట్టు అప్పటిదాకా ఒక్క ఆటగాడితోనూ 10 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకోలేదంటే అది పేదరికం కాదు, ఇష్టం లేకపోవడం. 2019లో మానీ మచాడో కోసం వేలంలో నిలబడి, శాన్ డియాగో 30 కోట్లు అనగానే పక్కకు తప్పుకుంది.

యజమాని జెర్రీ రైన్స్‌డోర్ఫ్ 1981లో ఈ జట్టును సుమారు 2 కోట్ల డాలర్లకు కొన్నారు. బాస్కెట్‌బాల్ జట్టు షికాగో బుల్స్ కూడా ఆయనదే. ఆయనకు విధేయత ఎక్కువ, అదే ఆయన బలమూ బలహీనతా. 1986లో మేనేజర్ (క్రికెట్‌లో కోచ్ లాంటివాడు) టోనీ లా రూసాను తీసేయనిచ్చినందుకు ఆయన దశాబ్దాలపాటు బాధపడ్డారు. 2020 చివర్లో, జట్టు శిఖరం ఎక్కబోతున్న సమయంలో, తొమ్మిదేళ్లుగా డగౌట్‌కు దూరంగా ఉన్న 76 ఏళ్ల లా రూసాను తిరిగి తెచ్చారు. 2022 ఆగస్టు చివర్లో లా రూసా ఆరోగ్యం బాగాలేక తప్పుకున్నారు, జట్టు 81-81తో ముగించింది. 2023లో జట్టు 101 ఓటముల వైపు జారుతుండగా, ఎన్నో ఏళ్లుగా జట్టు నిర్మాణం చూసుకున్న అధికారులు కెన్నీ విలియమ్స్, రిక్ హాన్‌లను ఆగస్టులో తొలగించారు. అక్కడైనా బయటి గాలి వస్తుందనుకుంటే, తొమ్మిది రోజులకే లోపలివాడైన క్రిస్ గెట్జ్‌కు పగ్గాలిచ్చారు. బయటివాళ్లను ఒక్కరినీ ఇంటర్వ్యూ చేయలేదు. జట్టును కింది నుంచి పైకి అందించాల్సిన ఆటగాళ్ల అభివృద్ధి విభాగం అప్పటిదాకా గెట్జ్ చేతిలోనే ఉంది. వరస రాకపోవడమే జబ్బు అయినప్పుడు, ఆ వరస చూసుకున్నవాడికే వైద్యం అప్పగించడం చాలామందికి మింగుడుపడలేదు.

గెట్జ్ పరంగా చూస్తే ఆయనకు దొరికింది కాలిపోయిన ఇల్లు. 2024 సీజన్‌కు ముందు ఆండర్సన్‌ను వదిలేశారు. బుల్‌పెన్ పిచ్చర్ ఆరన్ బమ్మర్ ఒక్కణ్ని అట్లాంటాకు ఇచ్చి ఐదుగురిని తెచ్చుకున్నారు. సీజన్ మొదలవడానికి రెండు వారాల ముందు డిలన్ సీస్‌ను శాన్ డియాగోకు పంపారు. జులైలో సీస్ అక్కడ నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా దక్కని ఆట) వేశాడు. పరుగులు చేయలేకపోయినా ఆపగలిగితే చాలు అన్న ఆలోచనతో ఫీల్డింగ్ బాగా చేసే, బ్యాటింగ్ రాని ఆటగాళ్లను చేర్చారు. మేనేజర్ పెడ్రో గ్రిఫోల్ కాన్సాస్ సిటీ రాయల్స్ నుంచి వచ్చినవాడు, గెట్జ్ ఒకప్పుడు అక్కడే ఆడినవాడు, అక్కడే పనిచేసినవాడు, బెనింటెండి, నిక్కీ లోపెజ్‌లదీ అదే నేపథ్యం. తెలిసిన ముఖాలను వెతుక్కోవడం ఒక పద్ధతే గానీ ప్రణాళిక కాదు.

ఫీల్డింగ్‌తో ఆపుదామన్న లెక్క రెండు వారాలు కూడా నిలవలేదు. సీజన్ మొదలైన రెండు వారాల్లోపే హిమెనెస్, రాబర్ట్, మొంకాడా ముగ్గురూ గాయాలతో బయటికెళ్లారు. రాబర్ట్ జూన్‌లో, మొంకాడా సెప్టెంబరులో తిరిగొచ్చారు. 2023లో 38 హోమ్ రన్లు కొట్టిన రాబర్ట్ 2024లో 14 దగ్గర ఆగాడు. తొలి 25 ఆటల్లో జట్టు మూడే గెలిచింది. మే, జూన్ నెలల మధ్య వరసగా 14 ఓడింది. జులై 10న మొదలైన మరో వరస ఆగస్టు 5 దాకా 21 ఆటలు సాగి, 1988 నాటి బాల్టిమోర్ ఓరియోల్స్ పేరున ఉన్న అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు భాగాల్లో ఒకటి) రికార్డును సమం చేసింది. ఆగస్టు 6న ఓక్లాండ్‌లో 5-1తో గెలిచి బయటపడ్డారు, 8న గ్రిఫోల్‌ను తీసేశారు. అది చాలదన్నట్టు వేసవి చివర్లో మరో 12 వరస ఓటములు.

మేనేజర్‌ను మారిస్తే ఏమైనా మారిందా? గ్రిఫోల్ హయాంలో ఆ ఏడాది 28-89, తాత్కాలిక మేనేజర్ గ్రేడీ సైజ్‌మోర్ హయాంలో 13-32. నెలకు ఒకటో రెండో గెలుపుల తేడా. అదీ జులై చివర్లో ఫెడ్డీ, కోపెక్, టామీ ఫామ్, హిమెనెస్ లాంటివాళ్లను అమ్మేశాక. మేనేజర్ మీద కోపం తీర్చుకోవడం తేలికైన పని, టికెట్ కొన్నవాడికి కనబడేది ఆయనే కాబట్టి. కానీ ఈ జట్టుకు ఏ మేనేజర్ వచ్చినా మహా అయితే ఐదారు ఆటలు ఎక్కువ గెలిచేవాడు, రికార్డు తప్పేది, అంతే.

ఇదంతా కావాలని ఓడటమేనా అన్న అనుమానం సహజం. అమెరికాలోని క్రీడా లీగ్‌లలో అట్టడుగున ఉన్న జట్టుకు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ముందు వరస దక్కడం పాత ఆనవాయితీ. కబ్స్, ఆస్ట్రోస్ దాన్నే వాడుకున్నాయి. అయితే 2022లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందం ఈ దారికి అడ్డుగోడ కట్టింది. మొదటి ఆరు స్థానాలకు లాటరీ పెట్టింది. ఉమ్మడి నిధి నుంచి డబ్బు తీసుకోని పెద్ద నగరాల జట్లకు వరసగా రెండేళ్లు లాటరీ స్థానం దక్కకూడదని కూడా రాసింది. 2024 డ్రాఫ్ట్‌లో వైట్ సాక్స్ అయిదో స్థానం తీసుకుంది. కాబట్టి 2024లో ఎంత ఓడినా 2025 డ్రాఫ్ట్‌లో పదో స్థానం కంటే ముందుకు రాలేదు. ఆ సంగతి సీజన్ మొదలవకముందే యాజమాన్యానికి తెలుసు. అంటే ఓడితే వచ్చే లాభం సున్నా. 121 ఓటములకు ప్రతిఫలంగా చివరికి దక్కింది పదో పిక్కే. ఇది పన్నాగం అనేవాళ్లు వైట్ సాక్స్‌కు లేని తెలివితేటలు అంటగడుతున్నట్టే.

అదే డివిజన్‌లో, అదే ఏడాది కాన్సాస్ సిటీ రాయల్స్ ఏం చేసిందో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 2023లో రాయల్స్ 106 ఓడింది, అంటే వైట్ సాక్స్ కంటే ఐదు ఎక్కువ. నగరం చిన్నది, ఆదాయం తక్కువ. ఆ చలికాలంలో ఫ్రీ ఏజెంట్ల (ఒప్పందం ముగిసిన ఆటగాళ్ల) మీద 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి సెత్ లూగో, మైకేల్ వాకా లాంటి మధ్యరకం పిచ్చర్లను తెచ్చుకుంది. తన సొంత కుర్రాడు బాబీ విట్ జూనియర్‌కు 28 కోట్ల డాలర్లకు పైగా రాసిచ్చి పదకొండేళ్లకు కట్టేసుకుంది. 2024లో 86 గెలిచి ప్లేఆఫ్స్‌కు చేరింది. ఆ 86లో 12 వైట్ సాక్స్ మీదే, వైట్ సాక్స్ తిరిగి గెలిచింది ఒక్కటి. డబ్బు లేకపోయినా ఇంత ఘోరం తప్పించుకోవచ్చని ఓక్లాండ్ నిరూపించింది. లీగ్‌లో అందరికంటే తక్కువ జీతాల బిల్లుతో, ఊరు వదిలి వెళ్లిపోతున్న గొడవల మధ్య అది 69 ఆటలు గెలిచింది.

మరి ఇంత ఓడినా జట్టు మీద ఒత్తిడి ఎందుకు లేదు? యూరప్ ఫుట్‌బాల్‌లోనైతే చివరి జట్లు కింది లీగ్‌కు దిగిపోతాయి, ఆదాయం కుప్పకూలుతుంది. అమెరికాలో దిగడం అనేదే లేదు. జాతీయ టీవీ ఒప్పందాల డబ్బు 30 జట్లకూ సమానంగా పంచుతారు, గెలిచినా ఓడినా ఒకటే. 1981లో 2 కోట్లకు కొన్న జట్టు విలువను 2024లో ఫోర్బ్స్ 200 కోట్ల డాలర్ల పైన కట్టింది. 121 ఓడిన జట్టు విలువ కూడా పెరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే అమ్మకానికి ఉండేది ఆట కాదు, 30 కుర్చీల్లో ఒక కుర్చీ. తగ్గేది గేటు ఆదాయం. ఆ ఏడాది స్టేడియానికి వచ్చినవాళ్లు సుమారు 13.8 లక్షలు, అంటే ఆటకు సగటున 17 వేలు. అదే వేసవిలో రైన్స్‌డోర్ఫ్ ప్రజల సొమ్ముతో కొత్త స్టేడియం కట్టించుకోవాలని ప్రయత్నిస్తుండటం అభిమానులను మరింత మండించింది. ‘జట్టును అమ్మెయ్’ అన్న నినాదం స్టాండ్స్‌లో మామూలైపోయింది. సెప్టెంబరు చివరి వారంలో ఏంజెల్స్‌తో సొంతగడ్డ మీద మూడు ఆటలుంటే, 121వ ఓటమి కళ్లారా చూద్దామని టికెట్ కొన్నవాళ్లు కూడా వచ్చారు. జట్టు ఆ మూడూ గెలిచి వాళ్ల సరదా కూడా తీర్చలేదు.

మెట్స్‌తో పోలిక ఇక్కడ చెదిరిపోతుంది. 1962 మెట్స్‌ను న్యూయార్క్ ముద్దు చేసింది. ముసలి మేనేజర్ కేసీ స్టెంగెల్ మాటలు పత్రికలకు పండగ. రెండు పాత జట్లు పడమటి తీరానికి వెళ్లిపోయాక వచ్చిన కొత్త బిడ్డ అది, ఓడినా ముచ్చటే. ఏడేళ్లకు 1969లో కప్పు కూడా గెలిచింది. వైట్ సాక్స్ అభిమాని 2017 నుంచి ఓపిక పట్టి, ఒకసారి ఓటములన్నీ భరించి, ఫలం అందబోయే సమయానికి మళ్లీ మొదటికి వచ్చినవాడు. అతనికి ముచ్చట రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. పుండు మీద కారం లాగా, 2016లో తాము వదులుకున్న క్రిస్ సేల్ 35 ఏళ్ల వయసులో అట్లాంటా తరఫున 2024 నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. జులైలో పంపించేసిన కోపెక్ డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్ ఉంగరం తొడుక్కున్నాడు.

ఆ డిసెంబరులో క్రోషేను కూడా బోస్టన్‌కు ఇచ్చేశారు, నలుగురు కుర్రాళ్ల కోసం. సరిగ్గా ఎనిమిదేళ్ల కిందట సేల్‌ను ఇచ్చిన జట్టుకే. అందుకే చాలామంది తల పట్టుకున్నారు గానీ, ఈసారి ఫలితం కాస్త వేరుగా కనిపిస్తోంది. ఆ నలుగురిలో క్యాచర్ కైల్ టీల్, ఇన్‌ఫీల్డర్ చేజ్ మైడ్రాత్ 2025లోనే మేజర్ లీగ్ జట్టులో కుదురుకున్నారు. వేరే జట్టు కాపాడుకోకుండా వదిలేసినవాళ్లను తీసుకునే రూల్ 5 డ్రాఫ్ట్‌లో దొరికిన పిచ్చర్ షేన్ స్మిత్ ఏకంగా ఆల్‌స్టార్ అయ్యాడు. సొంత వ్యవస్థలో పెరిగిన కోల్సన్ మోంట్‌గోమరీ జులైలో వచ్చి 21 హోమ్ రన్లు కొట్టాడు. కొత్త మేనేజర్ విల్ వెనబుల్ కింద జట్టు 60-102తో ముగించింది. వంద ఓటములు వరసగా మూడో ఏడాది. అయినా 19 గెలుపులు పెరిగాయి, అవి ఖరీదైన స్టార్ల వల్ల కాకుండా ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న ఆ మధ్య వరస నిండటం వల్ల పెరిగాయి. అదే ఏడాది కొలరాడో రాకీస్ 119 ఓడి, పరుగుల తేడాలో మైనస్ 424తో ఆధునిక యుగపు కొత్త అథమ రికార్డు పెట్టింది. 2024 వైట్ సాక్స్ తేడా మైనస్ 306. అట్టడుగు పీఠానికి అప్పుడే పోటీ మొదలైందన్నమాట.

యాజమాన్యం సంగతి నెమ్మదిగా కదులుతోంది. 2025 జూన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం పెట్టుబడిదారుడు జస్టిన్ ఇష్బియాకు జట్టును అప్పగించే అవకాశం రైన్స్‌డోర్ఫ్‌కు 2029 నుంచి 2033 మధ్య ఉంటుంది. ఆ తర్వాతే కొనుక్కునే హక్కు ఇష్బియాకు వస్తుంది. కాబట్టి ‘అమ్మెయ్’ అన్నవాళ్లు ఇంకొన్నేళ్లు ఆగాల్సిందే.

ఇక డ్రాఫ్ట్. 121 ఓడిన ఏడాదికి పదో స్థానం ఇచ్చిన అదే లాటరీ, 102 ఓడిన ఏడాదికి వైట్ సాక్స్ చేతిలో 2026 డ్రాఫ్ట్ తొలి పిక్ పెట్టింది. నిబంధనలు ఇలాగే కొనసాగితే, ఆ మరుసటి ఏడాది మాత్రం వీళ్లకు లాటరీలో చోటు ఉండదు.